లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ చదవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో అండర్‌గ్రాడ్‌కి అప్లై చేస్తూ ఈ మేజర్ (డిగ్రీలో ముఖ్యంగా చదివే సబ్జెక్టు) వైపు చూస్తున్న పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలన్నీ ఒక చోట పెట్టాను. కొన్నిటికి జవాబు రెండు లైన్లలో అయిపోతుంది, కొన్నిటికి కాస్త ఓపిగ్గా చదవాలి.

లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే సైన్స్ ఉండదా?

ఉంటుంది, బాగానే ఉంటుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఎకనామిక్స్, ఫిలాసఫీ, హిస్టరీ అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. ఇవి చాలావరకు చిన్న కాలేజీలు, రెండు మూడు వేల మంది స్టూడెంట్స్ ఉండేవే ఎక్కువ. పీహెచ్‌డీ ప్రోగ్రాములు దాదాపు ఉండవు కాబట్టి ప్రొఫెసర్లే క్లాసు చెప్తారు, ల్యాబ్‌లో కూడా వాళ్ళే నిలబడతారు. చేరగానే మేజర్ చెప్పక్కర్లేదు, మామూలుగా రెండో ఏడాది చివరికి డిక్లేర్ చేస్తే సరిపోతుంది. ఈ మేజర్‌కి ఆ రెండేళ్ళు చాలా పనికొస్తాయి, ఎందుకో కింద చెప్తాను.

ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ ఒకటేనా?

ఒకటి కాదు, కానీ మధ్యలో గీత ప్రతి కాలేజీలో ఒకే చోట ఉండదు. సైన్స్ అంటే నీళ్ళు, మట్టి, గాలి, జీవులు, వాటిని కొలవడం. స్టడీస్ అంటే అవి కూడా ఉంటాయి, వాటితో పాటు చట్టం, డబ్బు, చరిత్ర, ఎవరికి నష్టం ఎవరికి లాభం అనే లెక్క కూడా ఉంటుంది. పేరు చూసి డిసైడ్ అవ్వకండి, కాలేజీ క్యాటలాగ్ తీసి మేజర్ రిక్వైర్‌మెంట్స్ లిస్టు చదవండి. స్టడీస్ అని పేరున్న చోట రెండు ల్యాబ్ సైన్సులు, స్టాటిస్టిక్స్ కంపల్సరీ ఉండొచ్చు.

ఒక సమస్యకి ఇన్ని సబ్జెక్టులు ఎందుకండీ? కాలుష్యం అంటే కెమిస్ట్రీ కదా?

నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను. మిషిగన్‌లో ఫ్లింట్ అనే ఊరు తీసుకుందాం.

2014 ఏప్రిల్‌లో ఆ ఊరికి డెట్రాయిట్ నుంచి వచ్చే నీళ్ళు ఆపేసి ఫ్లింట్ నది నీళ్ళు ఇవ్వడం మొదలుపెట్టారు, కారణం ఖర్చు తగ్గించుకోవడం. ఆ నీళ్ళకి పైపుల్ని తినేసే గుణం ఎక్కువ, తుప్పు పట్టకుండా ఆపే కెమికల్ కలపలేదు, దాంతో పాత పైపుల్లోంచి సీసం ఊడి నీళ్ళలో కలిసింది. ఇంతవరకు కెమిస్ట్రీ. కానీ చూడండి, సీసం పైపులున్న ఊళ్ళో తుప్పు ఆపే కెమికల్ కలపాలి అనే సంగతి అప్పటికే ఇంజనీర్లకి బాగా తెలుసు, అదే ఏడాది అక్టోబర్‌లో జనరల్ మోటార్స్ వాళ్ళు పార్టులు తుప్పు పడుతున్నాయని అక్కడి ఇంజిన్ ప్లాంటుకి ఆ నీళ్ళు వద్దనుకున్నారు కూడా. మరి ఊరి జనానికి అవే నీళ్ళు ఇంకో ఏడాది ఎందుకు వెళ్ళాయి? ఈ ప్రశ్నకి కెమిస్ట్రీ పుస్తకంలో జవాబు దొరకదు.

జవాబు కొంత పొలిటికల్ సైన్స్‌లో ఉంది. అప్పుడు ఆ ఊరిని నడుపుతున్నది జనం ఎన్నుకున్న కౌన్సిల్ కాదు, గవర్నర్ పెట్టిన ఎమర్జెన్సీ మేనేజర్. అలాంటి మేనేజర్లకి అధికారం ఇచ్చే చట్టాన్ని 2012 నవంబర్‌లో మిషిగన్ ఓటర్లు ఓటేసి కొట్టేస్తే, వచ్చే నెలలోనే అలాంటిదే ఇంకో చట్టం తెచ్చారు, ఈసారి ఓటుతో కొట్టేయడానికి వీల్లేకుండా.

కొంత చరిత్రలో ఉంది. 1960లో దాదాపు రెండు లక్షల మంది ఉన్న ఊరు, కార్ల ఫ్యాక్టరీలు వెళ్ళిపోయాక 2010కి లక్ష చిల్లరకి పడిపోయింది. పైపులు మాత్రం రెండు లక్షల మందికి వేసినవే. వాడేవాళ్ళు తగ్గితే నీళ్ళు పైపుల్లో ఎక్కువసేపు నిలబడిపోతాయి, ఎంతసేపు నిలబడితే అంత సీసం. అంటే ఉద్యోగాలు పోవడం, తెల్లవాళ్ళు శివార్లకి వెళ్ళిపోవడం, పన్నులు తగ్గడం, ఇదంతా చివరికి ఒక పిల్లాడి గ్లాసులో ఉన్న నీళ్ళ కెమిస్ట్రీ అయ్యింది. ఊళ్ళో సగం కంటే ఎక్కువ మంది నల్లజాతి వాళ్ళు. మిషిగన్ సివిల్ రైట్స్ కమిషన్ 2017లో ఇచ్చిన రిపోర్టులో దీని వెనకాల దశాబ్దాల జాతి వివక్ష ఉందని స్పష్టంగా రాసింది.

ఇంక జాగ్రఫీ సంగతి. పిల్లల రక్తంలో సీసం పెరిగిందా అని మొదట జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ప్రకారం చూస్తే పెద్దగా కనబడలేదు, ఎందుకంటే ఫ్లింట్ జిప్ కోడ్‌లలో ఊరి బయట ఉండి వేరే నీళ్ళు తాగేవాళ్ళు కూడా కలిసిపోయారు. అసలు అడ్రసులు పట్టి మ్యాప్ మీద పెట్టి, ఊరి నీళ్ళు తాగే ఇళ్ళని విడిగా చూస్తేనే తేడా బయటపడింది. ఆ ఊళ్ళో పిల్లల డాక్టర్ మోనా హన్నా-అతీషా 2015 సెప్టెంబర్‌లో ఆ లెక్కలు ప్రెస్ ముందు పెట్టారు, అక్టోబర్‌లో మళ్ళీ డెట్రాయిట్ నీళ్ళకి మారారు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ఏ సబ్జెక్టు తీసేస్తే మిగతా కథ అర్థమవుతుంది?

ఇది కొత్త ఫ్యాషన్ కదా, ఎంతకాలం ఉంటుంది?

కొత్తది కాదు. వెర్మాంట్‌లోని మిడిల్‌బరీ కాలేజీలో ఈ ప్రోగ్రాం 1965లో మొదలైంది, విలియమ్స్ కాలేజీలో దీనికోసం సెంటర్ 1967లో వచ్చింది, అంటే మొదటి ఎర్త్ డే, 1970 ఏప్రిల్ 22, కంటే ముందే. మెయిన్ రాష్ట్రంలో ఉన్న కాలేజ్ ఆఫ్ ది అట్లాంటిక్ 1969లో పెట్టారు, అక్కడ అందరికీ ఒకే డిగ్రీ, హ్యూమన్ ఎకాలజీ.

ఇంకో విషయం, చాలామందికి తెలీదు. 1970 జనవరి 1న అప్పటి ప్రెసిడెంట్ నిక్సన్ సంతకం పెట్టిన నేషనల్ ఎన్విరాన్‌మెంటల్ పాలసీ యాక్ట్‌లోనే ఫెడరల్ ఏజెన్సీలు నిర్ణయాలు తీసుకునేటప్పుడు నేచురల్ సైన్సులు, సోషల్ సైన్సులు, డిజైన్ కళలు కలిపి వాడాలి అని రాసి ఉంది. అంటే సబ్జెక్టులు కలిపి ఆలోచించడం అనేది ప్రొఫెసర్ల ముచ్చట మాత్రమే కాదు, చట్టంలో ఉన్న మాట. రోడ్డో డ్యామో కట్టేముందు రాసే ఎన్విరాన్‌మెంటల్ ఇంపాక్ట్ స్టేట్‌మెంట్ ఈ చట్టం నుంచి వచ్చిందే, దాన్ని రాయడానికి హైడ్రాలజిస్టు, ఆర్కియాలజిస్టు, ఎకనామిస్టు, బయాలజిస్టు ఒకే టేబుల్ దగ్గర కూర్చోవాల్సి వస్తుంది.

మేజర్ ఎలా ఉంటుంది, ఏమేం కోర్సులు?

కాలేజీని బట్టి మారుతుంది కానీ మామూలు అమరిక ఇది: మొదట్లో ఒక ఇంట్రో కోర్సు, ఒకటి రెండు ల్యాబ్ సైన్సులు, ఒక పాలసీ లేదా ఎకనామిక్స్, ఒక హ్యుమానిటీస్ కోర్సు, స్టాటిస్టిక్స్ లేదా జీఐఎస్ (కంప్యూటర్‌లో డేటాని మ్యాప్ మీద పెట్టి చూసే పద్ధతి), తర్వాత మీరు ఎంచుకున్న ఫోకస్‌లో నాలుగైదు కోర్సులు, చివరి ఏడాది క్యాప్‌స్టోన్ లేదా థీసిస్. క్యాప్‌స్టోన్‌లో చాలాచోట్ల బయట ఒక టౌన్ ఆఫీసో ల్యాండ్ ట్రస్టో (భూముల్ని కాపాడే సంస్థ) ఇచ్చిన నిజమైన సమస్య మీద టీముగా పనిచేస్తారు, చివర్లో వాళ్ళకి రిపోర్టు ఇవ్వాలి, వాళ్ళు దాన్ని వాడుకుంటారు. నాకు ఈ మేజర్‌లో అన్నిటికంటే విలువైంది ఇదే అనిపిస్తుంది.

కొన్ని కాలేజీలు ఒక అడుగు ముందుకెళ్ళాయి. బోడన్‌లో ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్‌ని ఒంటరిగా మేజర్ చెయ్యనివ్వరు, ఇంకో మేజర్‌తో జత కట్టాల్సిందే. విట్‌మన్‌లో ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్-బయాలజీ, ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్-పాలిటిక్స్ లాగా కలిపిన మేజర్లు ఉంటాయి.

అన్నీ కొంచెం కొంచెం నేర్చుకుంటే చివరికి ఏదీ రాదు కదా?

ఈ భయం నిజమైనదే, దీన్ని తేలిగ్గా తీసిపారేసే అడ్మిషన్స్ బ్రోషర్లని నమ్మకండి. పది ఇంట్రో కోర్సులు తీసుకుని డిగ్రీ పట్టుకుని బయటికి వస్తే అన్ని మీటింగుల్లోనూ తలూపగలరు కానీ ఒక్క పని కూడా చేసి పెట్టలేరు. నా అభిప్రాయం గట్టిగా చెప్తాను: ఒక డిసిప్లిన్‌లో లోతుగా దిగండి, అంటే దాని కష్టమైన పైస్థాయి కోర్సులు, దాని మెథడ్స్ కోర్సు, దాంట్లో సొంతంగా ఒక రీసెర్చ్. మిగతా సబ్జెక్టులు ఎంతవరకంటే, ఆ మనుషులు సాక్ష్యం అని దేన్ని అంటారో, దేన్ని ఒప్పుకోరో అర్థమయ్యేంత వరకు.

ఎలినార్ ఆస్ట్రమ్‌ని చూడండి. ఆవిడ చదివింది పొలిటికల్ సైన్స్, 2009లో నోబెల్ వచ్చింది ఎకనామిక్స్‌లో. చెరువులు, అడవులు, చేపలవేట లాంటి ఉమ్మడి ఆస్తుల్ని జనం వాడి వాడి నాశనం చేసేస్తారు, ప్రభుత్వమో ప్రైవేటు ఓనరో ఉండాల్సిందే అని అందరూ అనుకునే రోజుల్లో ఆవిడ నిజంగా ఊళ్ళల్లో ఏం జరుగుతోందో చూసి, చాలాచోట్ల జనం సొంత రూల్సు పెట్టుకుని తరాల తరబడి కాపాడుకుంటున్నారని చూపించారు. గవర్నెన్స్ అనే తన సబ్జెక్టులో లోతు ఉంది కాబట్టే ఎకనామిక్స్ మోడల్‌లో ఏం మిస్ అవుతోందో ఆవిడకి కనబడింది.

అందుకే మొదటి రెండేళ్ళు పనికొస్తాయి అన్నాను. ఆ రెండేళ్ళలో నాలుగు డిపార్ట్‌మెంట్లు తిరగండి, ఎక్కడ హోంవర్క్ చేస్తుంటే టైం తెలీట్లేదో అక్కడ దిగండి.

మ్యాథ్స్, కెమిస్ట్రీ అంటే భయం. చేరొచ్చా?

చేరొచ్చు, తప్పించుకోడానికి మాత్రం చేరకండి. స్టాటిస్టిక్స్ తప్పదు, ఒక కెమిస్ట్రీయో జియాలజీయో తప్పదు. లీటరు నీళ్ళలో ఇన్ని మైక్రోగ్రాముల సీసం అంటే ఎక్కువా తక్కువా అని సొంతంగా ఆలోచించలేకపోతే పాలసీ మీద ఎంత బాగా రాసినా ఎవరో చెప్పింది నమ్మి రాయడమే అవుతుంది. చిన్న క్లాసులు కాబట్టి ప్రొఫెసర్ ఆఫీసుకి వెళ్ళి కూర్చుని నేర్చుకోవచ్చు, సిగ్గుపడకుండా వెళ్ళండి.

లిటరేచర్, హిస్టరీ, ఫిలాసఫీ వల్ల పర్యావరణానికి ఏం ఒరుగుతుంది?

సైన్స్ వైపు నుంచి వచ్చే పిల్లలు ఇది అడుగుతారు, అడగాలి కూడా.

కాలిఫోర్నియా అడవి మంటల సంగతి చూద్దాం. క్లామత్ నది దగ్గర ఉండే యూరోక్, కారుక్ అనే ఆదివాసీ ట్రైబ్స్ ప్రజలు వేల ఏళ్ళుగా అడవిలో కావాలని చిన్న చిన్న మంటలు పెట్టేవాళ్ళు, బుట్టలల్లే పుల్లలకి, ఓక్ కాయలకి, జింకల మేతకి. 1850లో కాలిఫోర్నియా చేసిన చట్టం అలా మంట పెట్టడాన్ని నేరం చేసింది. తర్వాత 1935లో ఫారెస్ట్ సర్వీస్ ఏ మంట కనబడినా మర్నాడు పొద్దున 10 గంటలకల్లా ఆరిపోవాలి అని పాలసీ పెట్టింది. దశాబ్దాల పాటు కాలకుండా పేరుకుపోయిన ఎండు చెత్త, దానికి తోడు వాతావరణం వేడెక్కడం, ఈ రెండూ కలిసి ఇప్పటి పెద్ద మంటలు. మనిషి తాకని అడవే అసలైన అడవి అనే ఊహ ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరిని అక్కడి నుంచి తరిమేశాక వచ్చింది అనేది చరిత్ర, సాహిత్యం చదివితేనే తెలుస్తుంది. ఆ ఊహే చట్టమైంది, ఆ చట్టమే అడవి నిండా ఎండు చెత్తయ్యింది. ఇప్పుడు ఫైర్ ఎకాలజిస్టులు ఆ ట్రైబ్స్ దగ్గరికే వెళ్ళి కలిసి పనిచేస్తున్నారు. అదే నది మీద నాలుగు డ్యాములు తీసేసే పని 2024లో పూర్తయింది, ఆ శరదృతువులోనే సాల్మన్ చేపలు పాత డ్యాములున్న చోటు దాటి ఎగువకి ఈదుకుంటూ వెళ్ళాయి. దాని వెనకాల ట్రైబ్స్ పోరాటం ఉంది, లాయర్లు ఉన్నారు, చేపల బయాలజిస్టులు ఉన్నారు, కరెంటు కంపెనీ లెక్కలు చూసిన ఎకనామిస్టులు ఉన్నారు.

ఇంక రాయడం సంగతి. పురుగుమందుల మీద 1962లో రాసి దేశాన్ని కదిలించిన రేచల్ కార్సన్ పిట్స్‌బర్గ్‌లో ఒక చిన్న విమెన్స్ కాలేజీలో చదివారు, చేరింది ఇంగ్లీష్ మేజర్‌గా, మధ్యలో బయాలజీకి మారారు. ఆవిడ చెప్పిన సైన్స్ చాలావరకు అప్పటికే జర్నల్స్‌లో ఉంది. దాన్ని మామూలు మనిషి చదివి కోపం తెచ్చుకునేలా రాయగలిగింది మాత్రం ఆవిడే.

చిన్న కాలేజీలో రీసెర్చ్, ఫీల్డ్ వర్క్ ఉంటాయా?

చాలా ఉంటాయి, పైగా గ్రాడ్ స్టూడెంట్స్ లేరు కాబట్టి ఆ అవకాశం అండర్‌గ్రాడ్‌కే వస్తుంది. విలియమ్స్‌కి హాప్‌కిన్స్ ఫారెస్ట్ అని సొంత అడవి ఉంది. గ్రినెల్‌కి ప్రెయిరీ (గడ్డి మైదానం) ఉంది, బోడన్‌కి కెనడాలో బే ఆఫ్ ఫండీలో కెంట్ ఐలాండ్ అనే ద్వీపంలో స్టేషన్ ఉంది. కొలరాడో కాలేజీలో 1970 నుంచి ఒకసారికి ఒకే కోర్సు, మూడున్నర వారాలు, కాబట్టి జియాలజీ క్లాసు మొత్తం వారం రోజులు కొండల్లోనే ఉన్నా ఇంకో క్లాసు మిస్ అవ్వరు.

బయట సెమిస్టర్లు కూడా చూడండి. వుడ్స్ హోల్‌లో మెరైన్ బయొలాజికల్ ల్యాబొరేటరీ నడిపే సెమిస్టర్ ఇన్ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ గట్టి సైన్స్ కావాలనుకునేవాళ్ళకి. విలియమ్స్-మిస్టిక్ ప్రోగ్రాం 1977లో మొదలైంది, ఇప్పుడు నడుస్తోందో లేదో ముందు కనుక్కోండి, అందులో సముద్రం గురించి సైన్స్, పాలసీ, చరిత్ర, సాహిత్యం ఒకే సెమిస్టర్‌లో చదువుతారు, సబ్జెక్టులు కలపడం అంటే ఏంటో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలీదు.

క్యాంపస్ కూడా పాఠంలో భాగం అంటారు, నిజమా లేక పబ్లిసిటీయా?

రెండూ ఉన్నాయి, కనిపెట్టడం కష్టం కాదు. ఓబర్లిన్‌లో 2000లో పూర్తయిన ఆడమ్ జోసెఫ్ లూయిస్ సెంటర్ బిల్డింగ్ తన మురుగునీటిని మొక్కలతో, సూక్ష్మజీవులతో తనే శుభ్రం చేసుకుంటుంది, దాని డేటా స్టూడెంట్స్ చదువుతారు. కార్ల్‌టన్ 2004లోనే సొంత విండ్ టర్బైన్ పెట్టింది. మీరు క్యాంపస్ చూడ్డానికి వెళ్తే, ఆ సోలార్ ప్యానెళ్ళ లెక్కలు ఏ క్లాసులో వాడతారు అని అడగండి. క్లాసు పేరు చెప్తే నిజం.

ఉద్యోగాలు?

ఎన్విరాన్‌మెంటల్ కన్సల్టింగ్ కంపెనీలు, రాష్ట్రాల, కౌంటీల ఏజెన్సీలు, ల్యాండ్ ట్రస్టులు, నీటి సరఫరా సంస్థలు, ఎనర్జీ కంపెనీలు, అర్బన్ ప్లానింగ్, జర్నలిజం, టీచింగ్, తర్వాత లా స్కూల్ లేదా మాస్టర్స్. ఫెడరల్ ఉద్యోగాలు ప్రభుత్వం మారితే పెరుగుతాయి తగ్గుతాయి, దాని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోకండి. మొదటి ఉద్యోగం తెచ్చేది ఎక్కువగా మేజర్ పేరు కాదు, చేతిలో ఉన్న పని: జీఐఎస్ వచ్చా, ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో డేటా సర్దగలరా, నీటి శాంపిల్ పద్ధతిగా తియ్యగలరా, పది పేజీల రిపోర్టు సూటిగా రాయగలరా. జీఐఎస్‌కి వాడే క్యూజీఐఎస్, ఆర్ రెండూ ఫ్రీ, ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకుని మొదలుపెట్టొచ్చు.

ఖర్చు చూస్తే గుండె ఆగుతోంది. ఎలా?

పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ట్యూషన్, హాస్టల్, తిండి అన్నీ కలిపి ఏడాదికి 80,000 డాలర్లు దాటిన చోట్లు చాలా ఉన్నాయి. కానీ ఆ అంకె అందరూ కట్టేది కాదు, ఈ కాలేజీలు కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం చేస్తాయి. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది, ముందు అది నింపండి, అయితే అది ముఖ్యంగా అమెరికాలో ఉండే కుటుంబాల కోసం. ఇంటర్నేషనల్ స్టూడెంట్స్‌కి ఫెడరల్ సాయం రాదు, కాలేజీ సొంత డబ్బే దిక్కు. ఆమ్‌హర్స్ట్, బోడన్ లాంటి కొన్ని మాత్రం ఇంటర్నేషనల్ స్టూడెంట్ డబ్బు అడిగాడా లేదా అని చూడకుండా అడ్మిషన్ ఇచ్చి అవసరమైనంతా ఇస్తాయి, వాటిల్లో సీటు రావడం చాలా కష్టం. అందుకని సాయం బాగా ఇచ్చే కాలేజీలు ఇంకొన్ని లిస్టులో పెట్టుకోండి. ఈ మేజర్ కోసం పెద్ద లోన్ మాత్రం తీసుకోవద్దు అంటాను, ఈ రంగంలో మొదటి జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాల్లా ఉండవు.

ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద ఉంటే ఓపీటీ ఎలా?

ఓపీటీ అంటే చదివిన రంగంలో అమెరికాలో పని చెయ్యడానికి ఇచ్చే అనుమతి, డిగ్రీ అయ్యాక 12 నెలలు అందరికీ. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) లిస్టులో ఉన్న డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు. ఇక్కడ చూసుకోవాల్సింది మేజర్ పేరు కాదు, కాలేజీ దానికి పెట్టిన సిప్ కోడ్, అంటే ప్రభుత్వ జాబితాలో ఆ చదువుకి ఉండే నంబర్. ఒకే లాంటి ప్రోగ్రాంకి రెండు కాలేజీలు రెండు కోడ్‌లు పెట్టుకోవచ్చు, కాబట్టి చేరకముందే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి కోడ్ నంబర్ రాతపూర్వకంగా తెప్పించుకోండి.

రోజూ ఈ నాశనం గురించే చదువుతుంటే పిల్లలకి దిగులు పట్టదా?

పడుతుంది, అది మామూలే, దాచుకోవద్దని పిల్లలకి చెప్పండి. దిగులు ఎక్కువయ్యేది సమస్య లెక్కలు మాత్రమే చదివి, పరిష్కారమైన కేసులు చదవనప్పుడు. ఓజోన్ కథ పూర్తిగా చదివించండి: 1974లో మొలీనా, రోలాండ్ అనే ఇద్దరు కెమిస్టులు ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్‌ని తినేస్తాయని చెప్తే కంపెనీలు ఒప్పుకోలేదు, 1985లో అంటార్కిటికా మీద రంధ్రం బయటపడింది, 1987లో వాటి వాడకం తగ్గించడానికి దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, ఇప్పుడు పొర నెమ్మదిగా కోలుకుంటోంది. క్యాప్‌స్టోన్‌లో టౌన్ వాళ్ళ కోసం నిజంగా ఒక పని చేసిన పిల్లల్లో ఈ దిగులు తగ్గడం నేను చాలాసార్లు చూశాను.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఏమేం అడగాలి?

ఈ ప్రోగ్రాంలో సొంత ప్రొఫెసర్లు ఎంతమంది, వేరే డిపార్ట్‌మెంట్ల నుంచి అరువొచ్చినవాళ్ళు ఎంతమంది అని అడగండి, అందరూ అరువే అయితే ఒక ప్రొఫెసర్ సెలవు మీద వెళ్ళినప్పుడు కోర్సు ఆగిపోతుంది. ఇద్దరు ప్రొఫెసర్లు కలిసి చెప్పే కోర్సులు ఉన్నాయా అడగండి. పోయిన ఏడాది సీనియర్ల థీసిస్ టైటిల్స్ అడగండి, చాలా కాలేజీలు వెబ్‌సైట్‌లోనే పెడతాయి, వాటిని చదివితే అక్కడ లోతు ఉందా లేదా అరగంటలో తెలిసిపోతుంది. సమ్మర్ రీసెర్చ్‌కి డబ్బిస్తారా, అది ఇంటర్నేషనల్ స్టూడెంట్స్‌కి కూడా వర్తిస్తుందా అని విడిగా అడగండి. చివరగా ఇప్పుడు చదువుతున్న ఒక స్టూడెంట్‌తో, అడ్మిషన్స్ వాళ్ళు చూపించిన స్టూడెంట్ కాకుండా మీరే వెతికి పట్టుకున్న స్టూడెంట్‌తో మాట్లాడండి, మీ మేజర్‌లో మీకు ఇప్పుడు చేతనైన పని ఒకటి చెప్పు అని అడగండి.

చేరకముందు ఏం చెయ్యొచ్చు?

మీరు తాగే నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి, ఎవరు శుభ్రం చేస్తారు, ఎవరు నిర్ణయిస్తారు, ఎంత ఖర్చు, వందేళ్ళ క్రితం ఎక్కడి నుంచి వచ్చేవి, ఆ నీళ్ళు ఎవరికి అందట్లేదు, ఇవన్నీ కనుక్కుని నాలుగు పేజీలు రాయండి. అప్లికేషన్ ఎస్సేకి పనికొస్తుంది, ఏ సబ్జెక్టు దగ్గర మీకు ఆసక్తి ఆగిందో కూడా తెలుస్తుంది.